ఆపద్విద్యకు అర్జీ

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగము)



సాహిత్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను సహకార సంఘములో లెక్కలు వ్రాసి జీవించువాడను. గురువుల పాదములయొద్ద కూర్చుండి చదివినవాడను కాను. ఈ గ్రంథాలయపు బల్లమీద, దీపము వెలుగున, భారత భాగవతములను కూడబలుకుకొని నేర్చుకొన్నవాడను. ముందు వరుసలో పండితులు కూర్చుండియుండగా నేను ప్రబంధములను గూర్చి ప్రసంగించుట హనుమంతుని యెదుట కుప్పిగంతులు వేయుటయే యగును. అందుచేత నాకు కొంత చేతనైన విషయమునే ఎన్నుకొంటిని. నాకు చేతనైనది అర్జీలు వ్రాయుట. మా తాతగారు కరణము. ఆ పదవి 1984లో రద్దయినను, అర్జీ వ్రాయించుకొనుటకు మా అరుగుమీదికి వచ్చువారు నేటికిని వచ్చుచునే యున్నారు. ప్రభుత్వము తన వ్యయముతో నేర్పు విపత్తు నిర్వహణ శిక్షణలకును, అగ్నిమాపక శిక్షణలకును మన గ్రామమునుండి అర్జీలు ఏల పెట్టవలెను, ఎట్లు పెట్టవలెను అనునదియే నేటి నా విషయము.

లెక్కలు వ్రాయువానికి ఒక దురభ్యాసము కలదు. ఏ పద్దులోనైనను జమ కనిపించి ఖర్చు కనిపింపనిచో వానికి నిద్ర పట్టదు. కేంద్ర ప్రభుత్వమునకు చెందిన జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2016లో ‘ఆపద మిత్ర’ యను పథకమును ప్రారంభించినది. తొలుత 25 రాష్ట్రములలో వరద భయము మెండుగా గల 30 జిల్లాలను ఎన్నుకొని, జిల్లాకు 200 మంది వంతున 6,000 మంది స్వచ్ఛంద సేవకులకు శిక్షణ నిచ్చుట వారి సంకల్పము. 2021లో దానిని 350 జిల్లాలకు విస్తరించి లక్షమందిని సిద్ధము చేయ నిశ్చయించిరి. పిమ్మట ‘యువ ఆపద మిత్ర’ యను పేర ఎన్.సి.సి., ఎన్.ఎస్.ఎస్., స్కౌట్లు మొదలగు సంస్థలలో నున్న యువజనులలో రెండు లక్షలకు పైబడినవారికి నేర్పుటకు మరియొక పథకము వచ్చినది.

ఈ సంఖ్యలను పత్రికలో చదివిన నాడు నేను మన గ్రామమునుండి ఎందరు పోయిరో విచారించితిని. పంచాయతీలో అడిగితిని. సచివాలయములో అడిగితిని. పట్టణమునకు పోయి చదువుకొను పిల్లలను అడిగితిని. ఒక్క పేరును దొరకలేదు. పేరు పంపి కాదనిపించుకొన్నవారును లేరు. అసలు అడిగినవారే లేరు. కాలువనీరు మన పొలము గట్టుదాక వచ్చి, తూము ఎత్తువాడు లేక ప్రక్కకు పోయినట్లున్నది.

అగ్నిమాపక శకటము మన ఊరు చేరుటకు ఎంతసేపు పట్టునో మీకందరకు తెలియును. కాలువగట్టు దారి ఇరుకు. వానకాలమున దానిమీద ఎడ్లబండి నడచుటయే కష్టము. ఎంత వడిగా వచ్చినను అర్ధగంటకు తక్కువ కాదు. తాటాకు ఇల్లు అంటుకొన్నచో పది నిమిషములలో దూలము నేలకు వచ్చును. గడ్డివాము సంగతి చెప్పనక్కరలేదు. శకటమువారిని మనము తిట్టిపోయుచుందుము గాని వారి దోషమేమియు లేదు. దూరమును ఎవరు తగ్గింపగలరు? తొలి అరగంట గ్రామముదే. ఆ అరగంటలో మన మధ్య నున్నవారికి ఏమి తెలియునో, ఏమి తెలియదో దానినిబట్టియే ప్రాణములు నిలుచుటయు పోవుటయు జరుగుచున్నది.

2014వ సంవత్సరము జూన్ 27వ తేదీ తెల్లవారుజామున కోనసీమలోని నగరము అను గ్రామమున సహజవాయువు గొట్టమునుండి వాయువు వెలువడి, ఊరిపై క్రమ్ముకొని, నిప్పంటుకొన్నది. ఇరువదిమందికి పైగా మరణించిరి. ఇండ్లును కొబ్బరిచెట్లును మాడిపోయినవి. గొట్టమును కాపాడవలసినవారిదే బాధ్యత. నిద్రలో నున్న గ్రామస్థులను తప్పుపట్టుట పాపము. అయినను వాయువు క్రమ్మినపుడు అగ్గిపుల్ల గీయరాదనియు, విద్యుత్తు మీట వేయనురాదు తీయనురాదనియు, బండి నడపరాదనియు, గాలి వీచు దిక్కునకు అడ్డముగా నడచి పిమ్మట గాలికి ఎగువకు చేరవలెననియు ఎరిగినవాడు ఒక్కడు వీధికొకడున్నచో ఏమగునో ఆలోచింపుడు. ఈ మాటలు చెప్పుటకు అరనిమిషము చాలును. కాని భయము పట్టినపుడు గుర్తునకు వచ్చుటకు అభ్యాసము కావలెను. ఈ శిక్షణలు ఇచ్చునది ఆ అభ్యాసమునే.

ఇది క్రొత్తగా పాశ్చాత్యులనుండి వచ్చిన విద్యయని కొందరు తలంచుచున్నారు. కౌటిల్యుని అర్థశాస్త్రమును తెలుగు అనువాదముతో మన గ్రంథాలయములో చదువవచ్చును. అందు నాలుగవ అధికరణమున ఎనిమిది మహాభయములు చెప్పబడినవి. అగ్ని మొదటిది, వరద రెండవది. వేసవిలో పల్లెవారు ఇంటి వెలుపల వంట చేసికొనవలెనని అక్కడ నియమము. నగర పాలనను గూర్చి చెప్పుచోట ప్రతి గృహస్థుడును నీటి కడవలు, తొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెము, తోలుతిత్తి సిద్ధముగా నుంచుకొనవలెననియు, లేనిచో జరిమానా యనియు కలదు. ఇల్లు కాలుచుండగా ఆర్పుటకు పరుగెత్తని యజమానికి 12 పణములును, అద్దెకున్నవానికి 6 పణములును దండనము. అద్దెకున్నవానికి సగమే వేసిన ఆ లెక్క నాకు మిక్కిలి నచ్చినది.

వరదను గూర్చి చెప్పినది అంతకంటె సూక్ష్మము. కొట్టుకొనిపోవు మనిషిని రక్షింప బోనివానికి 12 పణముల దండనము. అయితే తేలుటకు సాధనము లేనివానికి ఆ దండనము లేదు. ఈ చిన్న మినహాయింపులో ఎంత వివేకమున్నదో మన కాలువ రేవు ఎరిగినవారికి తెలియును. పిల్లవాడు జారి పడును. గట్టుమీదివాడు ధైర్యవంతుడు, ఈత సరిగా రానివాడు, బట్టలతోనే దూకును. మునుగువాడు వాని మెడను పట్టుకొనును. సాయంకాలము రెండు శవములు తేలును. ఇట్టి వార్త ప్రతి వేసవిలోను ఏదియో ఒక జిల్లానుండి పత్రికలో రాక మానదు. శిక్షణలో మొదట నేర్పునది దూకకుండుట. గట్టుమీద పడుకొని గెడకఱ్ఱనో పంచెనో అందించుట మొదటి మెట్టు. అందనిచో త్రాడు కట్టిన గాలి ట్యూబునో, మూత బిగించిన ఖాళీ డబ్బానో విసరుట రెండవది. పడవ యున్నచో పడవమీద పోవుట మూడవది. తాను నీట దిగుట కట్టకడపటిది. అదియు రక్షణమునందు శిక్షణ పొందినవాడే చేయవలసినది. ధైర్యమునకు మన ఊరిలో కొదువ లేదు. దానికి ఈ క్రమము తోడు కావలెను.

భారతమున లాక్షాగృహ ఘట్టమును మీరందరు విన్నవారే. మనము ఆ కథను కౌరవుల కుట్రగనే చెప్పుకొందుము. నేను దానిని మరియొక విధముగా చదివితిని. ఇల్లు మండునని విదురుడు ముందే యెరిగెను. ఎరిగి, కన్నీరు కార్చి ఊరకుండలేదు. సొరంగము త్రవ్వువానిని పంపెను. పాండవులు పగటివేళ వేట నెపమున చుట్టుప్రక్కల అడవి త్రోవలన్నియు తిరిగి గుర్తుపెట్టుకొనిరి. నిప్పంటుకొన్న రాత్రి వారు ఆలోచించుటకు ఏమియు మిగులలేదు. కాళ్లకు దారి తెలిసియే యున్నది. నేటివారు ‘మాక్ డ్రిల్’ అని పిలుచునది ఇదియే. 2025 మే 7న దేశమున 244 పౌరరక్షణ జిల్లాలలో అట్టి అభ్యాసము చేయ కేంద్రము ఆదేశించినపుడు, టెలివిజనులో చూచి, మన అంగడివీధిలో అందరును “మనకెవరు నేర్పుదురు?” అని అడిగిరి. వారము దినములు గడచునప్పటికి ఆ ప్రశ్న చల్లారెను. దానికి జవాబు చెప్పుటకే నేడు నిలుచుంటిని.

విపత్తు నిర్వహణ చట్టము 2005లో వచ్చినది. దానిననుసరించి ప్రతి జిల్లాకును ఒక విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ కలదు. కలెక్టరుగారు దానికి అధ్యక్షులు. జిల్లా పరిషత్తు అధ్యక్షులు సహాధ్యక్షులు. ఆపద మిత్ర శిక్షణకు సేవకులను ఎన్నుకొనునది జిల్లాలోనే. కనుక మన అర్జీ ఢిల్లీకి కాని రాజధానికి కాని పోనక్కరలేదు. కలెక్టరు కార్యాలయమున విపత్తు నిర్వహణ విభాగమునకు చేరవలెను. పథకపు నియమములలో వయస్సు సాధారణముగా 18 మొదలు 40 ఏండ్లవరకు. చదువు ఏడవ తరగతి చాలును. ఆ జిల్లా నివాసి కావలెను. శరీరారోగ్యము, మనఃస్థైర్యము ఉండవలెను. శిక్షణ 12 దినములు. రుసుము లేదు. వరదలో రక్షణ, ప్రథమ చికిత్స, అగ్ని ప్రమాదమున చేయదగినవి, జనులను సురక్షిత స్థలమునకు తరలించుట నేర్పుదురు. ముగిసిన పిమ్మట ప్రాణరక్షక కవచము, దీపము, ఈల, శిరస్త్రాణము, ప్రథమ చికిత్స పెట్టె మొదలగు సామగ్రి నిత్తురు. ఒక్కొక్క జిల్లాకు ఒక్కొక్కమారు ఇన్ని పేర్లని పరిమితి యుండును గనుక, జిల్లాలో జట్టు ఎప్పుడు మొదలగునో మనమే అడిగి తెలిసికొనుచుండవలెను. కళాశాలలో చదువువారు తమ ఎన్.సి.సి. లేక ఎన్.ఎస్.ఎస్. అధికారిని అడుగుట దగ్గరిదారి.

మన జిల్లాలోనే, గన్నవరమునకు దాపున కొండపావులూరులో, జాతీయ విపత్తు స్పందన దళము పదవ బెటాలియను కలదు. దేశమున అట్టి బెటాలియనులు 16. ఆ ప్రాంగణమును, దాని చెంతనే జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణమును 2025 జనవరి 19న ప్రారంభించిరి. ఇంత దగ్గర విద్య యుండగా మనము దానిని విమానాశ్రయమునకు పోవు త్రోవలో కనిపించు మేడలుగా మాత్రమే చూచుచున్నాము.

ఈ ప్రాంతమువారికి విపత్తు అనగా ఏమో వేరుగా చెప్పనక్కరలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరుపై సముద్రము వచ్చి పడినపుడు దాదాపు ముప్పదివేలమంది పోయిరని వ్రాతలు చెప్పుచున్నవి. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినపుడు పోయినవారు పదివేలకు తక్కువ లేరు. నాకు అప్పటికి ఏడేండ్లు. శవములను చూడనీయక మా అమ్మగారు నన్ను లోపలనే ఉంచిరి. కాని ఆ వాసన తలుపునకు ఆగలేదు. అది తలంచుకొన్నపుడెల్ల నాకు మరియొక లెక్క తోచును. 1999లో ఒరిస్సాపై వచ్చిన పెనుతుపానున పదివేలమంది వరకు మరణించిరి. 2013లో ఫైలిన్ అను తుపాను, అదియు మహోగ్రమైనదే, అదే తీరమున పడినది. ఆ మారు దాదాపు పదిలక్షలమందిని ముందుగనే తరలించిరి. మృతులు పదుల సంఖ్యలో ఆగిరి. సముద్రము మంచిది కాలేదు. గాలి మెత్తబడలేదు. వార్త వేళకు చేరుట, తలుపు తట్టి లేపుటకు ఊరూర మనుష్యులుండుట, వారు చెప్పినచో జనులు వినుట, ఈ మూడును అమరినవి. మూడవది అన్నిటికంటె కష్టము. “మా తాతనాటినుండి ఈ ఇంట ఉన్నాము, ఎక్కడికి పోము” అను ముసలమ్మను కదలించుటకు పోలీసు చాలడు. ఆమె ఎరిగిన కుఱ్ఱవాడు, నేర్చుకొన్నవాడు, కావలెను.

అగ్నిమాపక విద్య వేరుగా చెప్పదగినది. ఏటేట ఏప్రిల్ 14 మొదలు 20 వరకు అగ్నిమాపక వారోత్సవములు జరుగుచుండును. ఆ తేదీ ఎందుకు వచ్చినదో చాలమందికి తెలియదు. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికిన్ అను ఓడలో నిప్పు పుట్టెను. అందు ప్రత్తి బేళ్లును, ప్రేలుడు పదార్థములును ఒకే ఓడలో నుండెను. ఆర్పుచుండగనే ఓడ ప్రేలిపోయినది. 66 మంది అగ్నిమాపకులు ఆ దినమున ప్రాణములు విడిచిరి. వారి స్మృత్యర్థమే ఈ వారము. ఆ వారమున అగ్నిమాపక కేంద్రమువారు ఊరూర ప్రదర్శనలు చేయుదురు. మన గ్రామ పంచాయతీ ఒక ఉత్తరము వ్రాసినచో వచ్చెదరు. మార్చి మాసముననే ఆ ఉత్తరము పోవలెను.

ఈ విద్యలో వృత్తిగా చేరగోరువారికి రెండు దారులు కలవు. మొదటిది ప్రభుత్వ అగ్నిమాపక శాఖలో ఉద్యోగము. రెండు తెలుగు రాష్ట్రములలోను ఈ నియామకములు పోలీసు నియామక మండలుల ప్రకటనల ద్వారా జరుగుచు వచ్చినవి. ఎంపికైనవారికి ప్రభుత్వమే నేర్పును. తెలంగాణములో 2024 జులైలో వట్టినాగులపల్లి శిక్షణ కేంద్రమునుండి నాలుగు నెలల శిక్షణ ముగించుకొని కొన్ని వందలమంది యువకులు కొలువులో ప్రవేశించిరి. రెండవది నాగపూరులోని జాతీయ అగ్నిమాపక సేవా కళాశాల. అది 1956లో రాంపూరులో పుట్టి, మరుసటి యేట నాగపూరునకు తరలినది. అందు సబ్ ఆఫీసరు మొదలు ఇంజనీరింగు పట్టమువరకు తరగతులు కలవు. దానికి ప్రవేశ పరీక్ష కలదు, రుసుమును కలదు. అది ప్రభుత్వ కళాశాలయే గాని ఉచితమని భ్రమపడరాదు. ఆ కళాశాలలో 2002లో హర్షిణీ కన్హేకర్ అను యువతి చేరి, ఆ తరగతిలో అడుగిడిన మొదటి స్త్రీయై, దేశమున మొదటి మహిళా అగ్నిమాపకురాలని పేరొందెను. మన అమ్మాయిలు ఆ పేరు గుర్తుంచుకొనుట మంచిది.

ఇప్పుడొక అప్రియమైన మాట. పట్టణములో గోడలమీద “ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా, నూటికి నూరు పాళ్ళు ఉద్యోగము, గల్ఫు వీసా” అని కాగితములు అంటించియుండును. మన పొరుగూరి కుఱ్ఱవాడు ఒకడు అట్టిచోట చేరెను. తండ్రి అరయెకరము తాకట్టు పెట్టెను. ఆ తాకట్టు కాగితము వ్రాసినవాడను నేనే గనుక మొత్తము నాకు తెలియును, ఇక్కడ చెప్పను. ఆరు మాసముల తరువాత వానికి బంగారు ముద్ర వేసిన యోగ్యతాపత్రము వచ్చినది. “నీటిగొట్టమును చేతపట్టితివా?” అని యడిగితిని. “గొట్టము బొమ్మ చూపించినారండి” అనెను. ప్రైవేటువారందరును ఇట్టివారే యని నేననను. బాగుగ నేర్పువారును ఉందురు. కాని చేరకముందు మూడు ప్రశ్నలు వేయుట మన హక్కు. ఈ పత్రమును గుర్తించిన ప్రభుత్వ సంస్థ ఏది? ఆ గుర్తింపు ఉత్తర్వును చూపుదురా? నిప్పును నిజముగా ఆర్పించి నేర్పు మైదానము ఎక్కడ? జవాబులు తెచ్చుకొని అగ్నిమాపక కేంద్రపు అధికారికి చూపినచో ఆయన నిజము చెప్పును. తండ్రి చేయి తాకట్టు కాగితముమీద పడుటకు ముందే ఈ పని జరుగవలెను. ఉద్యోగము వచ్చునని ముందుగా మాట ఇచ్చి సొమ్ము తీసికొను ప్రభుత్వ శిక్షణ నేనింతవరకు ఎరుగను.

ఆపద మిత్ర విషయములోను ఇదే ప్రశ్న మన యువకులు నన్ను వేసిరి. “ఉద్యోగము వచ్చునా, పంతులుగారూ?” రాదు. ఇది కొలువు కాదు, జీతము లేదు. ఈ మాటను దాచి మిమ్ము పంపుట నాకిష్టము లేదు. “మరి పండ్రెండు దినముల కూలి ఎవరిత్తురు?” అని ఒకడు అడిగినాడు. న్యాయమైన ప్రశ్న. రెక్కాడినగాని డొక్కాడని ఇంటినుండి ఒకడు పండ్రెండు దినములు పోవుట తేలిక కాదు. పరోపకారమని ఉపన్యాసము చెప్పి వాని నోరు మూయించుట పెద్దలకు తగదు. కనుక సహకార సంఘ సభ్యులముందు నేనొక ప్రతిపాదన పెట్టితిని: మన గ్రామమునుండి శిక్షణకు ఎంపికైన కూలి కుటుంబమువారికి ఆ దినముల కూలి గ్రామము భరింపవలెను. అయిదుగురికి లెక్క వేసితిని. మన శ్రీరామనవమి పందిరికి విద్యుద్దీపముల అలంకరణమునకగు ఖర్చులో అది ఒక భాగమే. రాములవారు కోపింపరని నా నమ్మకము. దానిపై ఈ సభలోని పెద్దలు ఏమందురో వినగోరుచున్నాను.

ఇక అర్జీ. ఇచట నేను కొంచెము విస్తరించెదను, మీరు ఓర్చుకొనవలెను. ఏలయనగా అర్జీలు పోవునది అర్హత లేక కాదు, అక్షరము తేడా వలన. ఆధారు కార్డులో ఇంటిపేరు పూర్తిగ నుండును, పదవ తరగతి పత్రములో పొడి అక్షరముగా నుండును, బ్యాంకు పుస్తకములో అసలే ఉండదు. ఒకే మనిషి మూడు కాగితములలో ముగ్గురగును. కంప్యూటరునకు దయాదాక్షిణ్యములు లేవు. పుట్టినతేదీ మరియొక చిక్కు. మన ఊరిలో నలుబదియేండ్లు దాటినవారిలో జూన్ మాసమున పుట్టినవారు ఎందరో! బడి తెరచు మాసము గనుక, పంతులుగారికి తోచిన తేదీ వ్రాసిరి. నేటి పిల్లలకు ఆ బెడద తగ్గినను, ఆధారులో ఒక తేదీ, పదవ తరగతి పత్రములో మరియొక తేదీ గలవారు ఇంకను ఉన్నారు. సామాన్యముగ పదవ తరగతి పత్రములోని తేదీనే ప్రమాణముగ గొందురు. మిగిలినవానిని దానితో సరిచేయించుకొనుడు. ప్రకటన వచ్చిన పిమ్మట ఈ పనికి పూనుకొన్నచో గడువు దాటిపోవును. పెండ్లి కుదిరిన పిదప ఇంటికి పునాది త్రవ్వినట్లగును.

ఆరోగ్యపత్రమును గూర్చి ఒక మాట. డబ్బిచ్చి చూడకయే వ్రాయించుకొను అలవాటు కొందరికి కలదు. ఇచట ఆ పని చేయకుడు. గుండె జబ్బుగాని మూర్ఛగాని గలవాడు వరదనీటిలోనికి పోయినచో రక్షింపవలసినవారి సంఖ్య ఒకటి పెరుగును. ప్రభుత్వ వైద్యునిచేత నిజముగా పరీక్ష చేయించుకొనుడు. అర్జీలో ‘ఈత వచ్చునా’ యన్నచో రానివాడు రాదనియే వ్రాయవలెను. రానివానికి ఇతర పనులు చాలగలవు. పడవకు త్రాడు పట్టువాడు, పేర్లు వ్రాయువాడు, ముసలివారిని మోయువాడు అందరును కావలెను. అర్జీ రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిపై చేరినట్లు ముద్రయు తేదీయు వేయించి ఇంట దాచుకొనుడు. ముద్ర వేయుటకు గుమాస్తా విసుగుకొనును. విసుగుకొననిండు. ముద్ర లేని అర్జీ గాలికి చెప్పిన మాట.

ఆడవారిని గూర్చి వేరుగా చెప్పవలెను. నిప్పుతో నిత్యము సహవాసము చేయునది వారు. కాగిన నూనె అంటుకొన్నపుడు నీరు పోసినచో మంట పైకప్పునకు ఎగయును. మూతపెట్టి పొయ్యి ఆపవలెను. సిలిండరునందలి గ్యాసు గాలికంటె బరువైనది, నేలబారున ప్రాకును. అందుచేత వాసన వచ్చినపుడు రెగ్యులేటరు కట్టివేసి, తలుపులు కిటికీలు తెరచి, మీట ముట్టక బయటికి రావలెను. కాలినచోట సిరాయు, పేస్టును, పసుపును పూయుట మన ఊరి వైద్యము. చల్లని నీటి ధార క్రింద ఇరువది నిమిషములు ఉంచి ఆసుపత్రికి తీసికొనిపోవుటయే సరియైన పద్ధతి. శ్వాస ఆగినవాని రొమ్ము నడుమ, నిమిషమునకు నూరు మొదలు నూటయిరువది మారులు, పెద్దవారికి రెండంగుళముల లోతున అదుముట ఒక విద్య. ఇది చెప్పినచో రాదు. బొమ్మపై చేయి వేసి నేర్చుకొనవలసినదే. మహిళా సంఘముల సభ్యులలో పదుగురైనను ఈ శిక్షణకు పేర్లు ఇచ్చినచో మగవారు పొలములలో నున్న పగటివేళ ఊరు దిక్కులేనిది కాదు. “ఆడపిల్లను పండ్రెండు దినములు ఎక్కడికి పంపుదుము?” అని తల్లులు అడుగుచున్నారు. వసతి ఎట్లున్నదో ముందుగా కనుగొని, ఒక్కరిని కాక నలుగురిని కలిపి పంపుట నా సలహా.

ఈ పనికి గ్రంథాలయమునకు సంబంధమేమని కొందరు అడుగవచ్చును. పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలో పడవమీద పుస్తకములు పెట్టుకొని ఊరూరికి గ్రంథాలయమును నడిపించిన సీమ ఇది. చదువరి రానిచోటికి చదువు పోవలెనని వారి పట్టుదల. ప్రభుత్వ ప్రకటన పత్రికలో ఏడవ పుటలో చిన్న అక్షరములలో పడును. చదువువారు సినిమా పుట చూచి మడచిపెట్టుదురు. ఆ చిన్న అక్షరములను కత్తిరించి పెద్ద అక్షరములలో నల్లబల్లపై వ్రాయుట గ్రంథాలయమే చేయదగిన పని.

కనుక కార్యదర్శిగారి అనుమతితో చేసిన ఏర్పాటును మనవి చేయుచున్నాను. గ్రంథాలయములో ఒక పుస్తకము తెరచితిని. అందు శిక్షణ గోరువారి పేరు, వయస్సు, చదువు, రక్తవర్గము, ఈత వచ్చునో రాదో వ్రాసికొందుము. అగ్నిమాపక కేంద్రమునకు 101, అత్యవసర సేవకు 112 అను సంఖ్యలను గోడపై వ్రాయించితిమి. వాని క్రిందనే ఫోనులో చెప్పవలసిన మాటలు కూడ వ్రాయించితిమి: ఊరి పేరు, మండలము, ఏ గుర్తునొద్ద మలుపు తిరుగవలెను, కాలుచున్నది ఏమి, లోపల మనుష్యులున్నారా, మరల పిలువవలసిన నంబరు. మలుపునొద్ద ఒకరిని దీపముతో నిలుపవలెనని చివర చేర్చితిమి. క్రిందటి యేడు శకటము మన మలుపు దాటి పొరుగూరికి పోయినది మీకు జ్ఞాపకముండును.

వచ్చు ఆదివారమునుండి ప్రతి ఆదివారము ఉదయము తొమ్మిది గంటలనుండి పదకొండు గంటలవరకు నేను ఇక్కడ కూర్చుందును. వచ్చువారు ఆధారు కార్డు, పదవ తరగతి లేక చివరగా చదివిన తరగతి పత్రము, బ్యాంకు పుస్తకము, రెండు ఛాయాచిత్రములు తెచ్చుకొనవలెను. పేర్లలో తేడా యున్నవారు మొదటి ఆదివారమే వచ్చుట మంచిది. వారి పనికి ఎక్కువ దినములు పట్టును. స్త్రీలకు మధ్యాహ్నము మూడు గంటలకు వేరుగా ఏర్పాటు కలదు. మహిళా సంఘపు లెక్కలు వ్రాయు అమ్మాయి అప్పుడు నాతో కూర్చుండును. అర్జీ వ్రాసినందుకు ఎవరును ఏమియు ఈయనక్కరలేదు.